శరీరశక్తి లెక్క తేల్చిన యల్లాప్రగడ సుబ్బారావు

నాగలాపురం మొదలుకొని కోవిల్‌పట్టి, సాత్తూరు, శివకాశి వరకు పరచుకున్న నల్లరేగడి సీమలో భాస్వరాన్ని ఎవరికీ పరిచయం చేయనక్కరలేదు. అగ్గిపెట్టె పక్కల పూసిన ముదురు గోధుమరంగు పట్టీలో ఉండేది ఎర్ర భాస్వరమే. వానలు మొహం చాటేసిన ఏళ్ళలో పెట్టెలు అతికి, పుల్లలు పేర్చి బ్రతుకు వెళ్ళదీసిన కుటుంబాలకు ఆ పట్టీ మీద పుల్ల గీయగానే లేచే మంట నిత్యానుభవం. అదే భాస్వరం మరో రూపంలో మనిషి కండరంలోనూ ఉంది. అక్కడ మంట లేదు, పొగ లేదు. అయినా నడకకూ, బరువు మోతకూ, గుండె కొట్టుకోవడానికీ, కనురెప్ప ఆడడానికీ కావలసిన శక్తి దాని చేతిమీదుగానే అందుతుంది. ఈ సంగతిని ప్రయోగశాలలో పట్టి చూపిన కొద్దిమందిలో ఒకరు తెలుగువారు. మదరాసులో చదివి, మదరాసులో ఉద్యోగం దొరకక సముద్రం దాటి వెళ్ళినవారు. ఆయనే డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావు.

సుబ్బారావు 1895 జనవరి 12న భీమవరంలో జన్మించారు. తండ్రి జగన్నాథం, తల్లి వెంకమ్మ. ఏడుగురు సంతానంలో ఆయన నాలుగవవారు. తండ్రి రెవెన్యూ శాఖలో చిన్న ఉద్యోగి. అనారోగ్యం వల్ల ముందుగానే ఉద్యోగం విడిచిపెట్టవలసి వచ్చింది. ఇంట్లో లేమి తాండవించింది. పదమూడేళ్ళ వయసులో సుబ్బారావు ఇల్లు విడిచి కాశీకి బయలుదేరారు. యాత్రికులకు అరటిపండ్లు అమ్మితే డబ్బు సంపాదించవచ్చునని ఆ కుర్రవాడి ఆలోచన. దారిలోనే పట్టుకొని వెనక్కు తీసుకువచ్చారు. తల్లి పట్టుదల గల మనిషి. బిడ్డ చదువు మానడానికి ఆమె ససేమిరా ఒప్పుకోలేదు. అయినా ఆయన మెట్రిక్యులేషన్ గట్టెక్కింది మూడవ ప్రయత్నంలోనే, అదీ మదరాసు హిందూ హైస్కూలులో చేరిన తరువాత.

ఆ రోజుల్లో ఇప్పటి ఆంధ్ర తీరమూ, తిరునెల్వేలి సీమా ఒకే మదరాసు రాజధాని కింద ఉండేవి. భీమవరం పిల్లవాడికైనా, కోవిల్‌పట్టి పిల్లవాడికైనా పెద్ద చదువంటే మదరాసే. ప్రెసిడెన్సీ కళాశాలలో ఇంటర్మీడియట్ చదువుతున్నప్పుడు సుబ్బారావు మనసు రామకృష్ణ మఠం వైపు మళ్ళింది. సన్యసిస్తానన్నారు. తల్లి అనుమతి లేనిదే సన్యాసం ఇవ్వడానికి మఠం పెద్దలు ఒప్పుకోలేదు, తల్లి అనుమతి ఇవ్వనూ లేదు. వైద్యం నేర్చుకుంటే అదీ సేవే అవుతుందని మఠంలోనే సలహా దొరికింది. అలా ఆయన మదరాసు వైద్య కళాశాలలో చేరారు. స్నేహితులు, ఆ తరువాత మామగారైన కస్తూరి సూర్యనారాయణమూర్తి చదువు ఖర్చులకు ఆదుకున్నారు. 1919లో ఆయన కుమార్తె శేషగిరితో వివాహం జరిగింది.

గాంధీజీ పిలుపు విని విదేశీ వస్త్రాలు విడిచినవారిలో సుబ్బారావు ఒకరు. శస్త్రచికిత్స తరగతికి ఖద్దరు వేసుకొని వెళ్ళడం అక్కడి ఆంగ్లేయ ఆచార్యుడికి కంటగింపయింది. వ్రాత పరీక్షల్లో రాణించినా చివరకు ఆయనకు దక్కింది పూర్తి ఎం.బి.బి.ఎస్. పట్టా కాదు, దానికి ఒక మెట్టు దిగువన ఉన్న ఎల్.ఎం.ఎస్. పట్టా. మదరాసు వైద్య సర్వీసులో చేరాలన్న ప్రయత్నమూ ఫలించలేదు. ఒక బట్ట ధర ఒక పట్టా!

అంతకన్న పెద్ద దెబ్బ ఇంట్లో తగిలింది. స్ప్రూ అనే ఉష్ణమండల వ్యాధితో ఇద్దరు సోదరులు కొద్ది వ్యవధిలోనే మరణించారు. తిన్నది ఒంటపట్టక, విరేచనాలతో, రక్తం క్షీణించి మనిషి ఎండిపోయే జబ్బు అది. కారణం ఎవరికీ తెలియదు, మందు లేదు. ఆ జబ్బే సుబ్బారావుకూ సోకింది. డాక్టర్ ఆచంట లక్ష్మీపతి ఇచ్చిన ఆయుర్వేద ఔషధాలతో ఆయన కోలుకున్నారు. లక్ష్మీపతిగారి ఆయుర్వేద కళాశాలలోనే శరీరనిర్మాణ శాస్త్రం బోధించే ఉద్యోగమూ దొరికింది. ఆయుర్వేద ఔషధాలలో పనిచేసే గుణం ఏది, దాన్ని విడదీసి చూపడం ఎలా అన్న ప్రశ్న అక్కడే ఆయనను పట్టుకుంది. అందుకు రసాయనశాస్త్రం కావాలి. మదరాసులో అప్పటికి ఆ అవకాశం లేదు.

1920ల ఆరంభంలో, కాకినాడ మల్లాడి సత్యలింగం నాయకర్ ధర్మసంస్థ ఇచ్చిన హామీతోనూ, మామగారు సమకూర్చిన సొమ్ముతోనూ సుబ్బారావు అమెరికాకు ఓడ ఎక్కారు. గర్భవతియైన భార్య పుట్టింట ఉండిపోయింది. కొద్ది సంవత్సరాల్లో తిరిగి రావాలన్నదే అప్పటి తలంపు. ఆయన వెళ్ళిన తరువాత పుట్టిన కొడుకు ఏడాది నిండకుండానే చనిపోయాడు. తండ్రి ఆ బిడ్డ ముఖం చూడలేదు.

బోస్టన్ నగరంలోని హార్వర్డ్ ఉష్ణమండల వైద్య విభాగంలో డిప్లొమా చదువు. చేతిలో డబ్బు చాలక రాత్రివేళల ఒక ఆసుపత్రిలో కూలిపని చేశారు. రోగుల మలమూత్ర పాత్రలు శుభ్రం చేయడం ఆ పనిలో భాగం. ఊళ్ళో డాక్టరుగా గౌరవం అందుకోవలసిన మనిషి ఆ పని చేసి, పగలు మళ్ళీ తరగతికి వెళ్ళేవారు. డిప్లొమా పూర్తయ్యాక ఇంటికి తిరిగి రాలేదు. అదే విశ్వవిద్యాలయపు వైద్య కళాశాలలో జీవరసాయన విభాగంలో పరిశోధక విద్యార్థిగా చేరారు. ఆయన జీవితంలో మిగిలిన ఘట్టాలన్నింటికీ మూలం ఈ చేరికే కనుక, ఇక్కడ కొంత సేపు ఆగవలసి ఉంది.

ఆ విభాగానికి అధిపతి ఒట్టో ఫోలిన్. స్వీడన్‌లో పుట్టి చిన్నతనంలోనే అమెరికా చేరినవాడు. రక్తంలో, మూత్రంలో ఏ పదార్థం ఎంత ఉందో రంగు ద్వారా కొలిచే విద్యకు ఆద్యులలో ఒకడు. నేడు ఏ చిన్న పట్టణపు పరీక్షాకేంద్రంలోనైనా నాలుగు చుక్కల రక్తం తీసుకొని చక్కెర ఎంత, క్రియాటినిన్ ఎంత అని కాగితం మీద వ్రాసి ఇస్తున్నారంటే, ఆ ఒరవడి దిద్దినవారిలో ఫోలిన్ పేరు ముందుంటుంది. సుబ్బారావు పని నేర్చుకున్నది ఆ విభాగంలోనే ఆచార్యుడైన సైరస్ ఫిస్కే వద్ద.

పీహెచ్.డి. అంటే లావైన గ్రంథం వ్రాసి పట్టా పుచ్చుకోవడమని చాలామంది అనుకుంటారు. జీవరసాయనంలో అది వేరు. అది కంసాలి వద్ద పని నేర్చుకోవడం లాంటిది. మొదటి సంవత్సరాలు తూకం నేర్చుకోవడానికే సరిపోతాయి. పాత్రలు కడగడం, ద్రావణాలు తయారుచేయడం, తెలిసిన పరిమాణంతో సరిచూసుకోవడం, ఏమీ కలపని ఖాళీ గొట్టాన్ని పక్కన పెట్టి పోల్చడం, ఒకే కొలతను మళ్ళీ మళ్ళీ చేసి తేడా ఎంత వస్తున్నదో చూడడం. చేయి నిలకడకు వచ్చాకనే కొత్త ప్రశ్న అడిగే అర్హత. గురువు చెప్పిన జవాబు రాకపోయినప్పుడు తన చేతిని అనుమానించాలా, గురువు చెప్పిన జవాబును అనుమానించాలా అన్నది విద్యార్థికి ఎదురయ్యే అసలు పరీక్ష. సుబ్బారావుకు ఆ పరీక్ష భాస్వరం రూపంలో వచ్చింది.

రక్తంలోనూ కండరంలోనూ భాస్వరం ఎంత ఉందో కొలవడానికి అప్పటికే పద్ధతులు ఉన్నాయి. మాలిబ్డినం లవణంతో కలిపితే భాస్వరం నీలిరంగుగా బయటపడుతుంది. రంగు ఎంత చిక్కగా ఉంటే భాస్వరం అంత ఎక్కువ. చిక్కల్లా ఆ రంగు నిలిచేది కాదు, కొలత నమ్మదగినదిగా ఉండేది కాదు. ఫిస్కే, సుబ్బారావు కలిసి నీలిరంగు త్వరగా వచ్చి నిలకడగా ఉండేటట్లు చేసే కొత్త రసాయనాన్ని ఎంచి, 1925లో ఆ పద్ధతిని ప్రకటించారు. ఫిస్కే–సుబ్బారావు పద్ధతి అని జీవరసాయన విద్యార్థులు తరతరాలుగా నేర్చుకుంటున్నది దీనినే. తరువాతి శాస్త్రజ్ఞులు తమ వ్యాసాలలో అత్యధికంగా పేర్కొన్న జీవరసాయన వ్యాసాలలో అది ఒకటి. మూడుసార్లు మెట్రిక్యులేషన్‌కు కూర్చున్న విద్యార్థి చేతి నుండి వచ్చిన కొలతబద్ద అది.

కొలతబద్ద చేతికి వచ్చాక దాన్ని కండరం మీద పెట్టారు. పిల్లి కండరం తీసి, చల్లగా ఉంచి, ఆమ్లంతో మాంసకృత్తులు తొలగించి, మిగిలిన తేట నీటిలో భాస్వరం కొలిచారు. ఇక్కడ ఒక వింత కనిపించింది. మామూలు భాస్వరపు ద్రావణంలో నీలిరంగు వెంటనే వచ్చి ఆగిపోతుంది. కండరపు తేటలో మాత్రం రంగు మెల్లమెల్లగా, నిమిషాలు గడిచినకొద్దీ పెరుగుతూ పోయింది. అజాగ్రత్త గల విద్యార్థి అయితే పాత్ర సరిగా కడగలేదనుకొని ఆ గొట్టం పారబోసేవాడు. ఫిస్కే, సుబ్బారావు దానిని పారబోయలేదు. రంగు ఆలస్యంగా వస్తున్నదంటే భాస్వరం దేనితోనో ముడిపడి ఉందనీ, పరీక్షకు వాడిన ఆమ్లంలో ఆ ముడి విడిపోయినకొద్దీ రంగు తేలుతున్నదనీ వారు గ్రహించారు. వెదకగా ఆ రెండవ పదార్థం క్రియాటిన్ అని తేలింది. అంతవరకు విశ్రాంతిలో ఉన్న కండరంలో విడి భాస్వరం అని లెక్కవేసిన దానిలో అధికభాగం నిజానికి ఫాస్ఫోక్రియాటిన్ అనే జంట పదార్థమే. నరాన్ని ప్రేరేపించి కండరాన్ని పనిచేయిస్తే ఆ జంట విడిపోతుంది. విశ్రాంతి ఇస్తే మళ్ళీ కూడుకుంటుంది. 1927లో ఈ విషయం ప్రకటితమయింది. అదే సంవత్సరం ఇంగ్లండులో ఫిలిప్, గ్రేస్ ఎగిల్టన్ దంపతులు కూడా ఈ పదార్థపు జాడ పట్టి దానికి ఫాస్ఫజెన్ అని పేరు పెట్టారు. అందులో ఉన్నది క్రియాటిన్ అని విడమరచి చెప్పింది మాత్రం హార్వర్డ్ జంట.

ఇది చిన్న సంగతి కాదు. కండరానికి శక్తి ఎక్కడిదన్న ప్రశ్నకు అప్పటి పండితులు చెప్పే జవాబు లాక్టిక్ ఆమ్లం. ఆ రంగంలో కృషికే ఇంగ్లండుకు చెందిన ఏ.వి. హిల్‌కూ, జర్మనీకి చెందిన ఒట్టో మేయర్‌హాఫ్‌కూ 1922 సంవత్సరపు నోబెల్ బహుమతి దక్కింది. కండరంలో ఇంకొక శక్తి నిల్వ ఉందని ఒక ఆచార్యుడూ, పట్టా ఇంకా చేతికి రాని అతని విద్యార్థీ చూపించారు. 1930లో డెన్మార్క్ శాస్త్రజ్ఞుడు లుండ్స్‌గార్డ్ లాక్టిక్ ఆమ్లం పుట్టకుండా అడ్డగించినా కండరం పనిచేస్తుందనీ, అప్పుడు ఖర్చయ్యేది ఫాస్ఫోక్రియాటిన్ అనీ నిరూపించడంతో పాత సిద్ధాంతం కూలిపోయింది.

1929లో రెండవ ఆవిష్కారం. అడినీన్ అనే పదార్థం, రైబోస్ అనే చక్కెర, వాటికి వరుసగా తగిలించిన మూడు ఫాస్ఫేట్లు కలిగిన అణువును ఫిస్కే, సుబ్బారావు కండరం నుండి వేరుచేశారు. దాని పేరు అడినోసిన్ ట్రైఫాస్ఫేట్, పాఠ్యపుస్తకాలలో ఏటీపీ. కొద్దికాలం ముందే జర్మనీలో మేయర్‌హాఫ్ ప్రయోగశాలలోని కార్ల్ లోమన్ అదే పదార్థాన్ని ప్రకటించారు కనుక చరిత్రలో ఆ కీర్తి ఉభయులదీ. 1930లో హార్వర్డ్ సుబ్బారావుకు పీహెచ్.డి. పట్టా ప్రదానం చేసింది. అప్పటికి ఆయన వయసు 35.

ఏటీపీ విలువ ఏమిటో ఆ రోజున ఎవరికీ పూర్తిగా తెలియదు. 1939లో రష్యాలో ఎంగెల్‌హార్ట్, ల్యుబిమోవా దంపతులు కండరపు మాంసకృత్తే ఏటీపీని చీలుస్తుందని చూపారు. 1941లో ఫ్రిట్జ్ లిప్‌మన్ ఆ ఫాస్ఫేటు బంధమే జీవకణాలన్నింటిలో శక్తికి నాణెం వంటిదని ప్రతిపాదించారు. తిన్న అన్నమైనా, సజ్జ సంకటైనా, నూనె అయినా చివరికి ఈ నాణెంగా మారితేనే శరీరంలో చెల్లుతుంది.

శరీరంలో ఏ క్షణాన చూసినా ఈ ఏటీపీ ఉండేది కొన్ని పదుల గ్రాములే. కానీ అది నిమిషనిమిషమూ విరిగి మళ్ళీ కూడుకుంటుంది కనుక, ఒక రోజులో చేతులు మారే మొత్తం దాదాపు మనిషి బరువంత ఉంటుంది. మరి ఆ నాణేన్ని ముద్రించడానికి కావలసిన సరుకు ఎక్కడ నిల్వ ఉంటుంది? కబడ్డీ ఆటగాడు ఊపిరి బిగబట్టి గీత దాటి దూకే తొలి కొన్ని క్షణాలకు ఫాస్ఫోక్రియాటిన్ చాలు. పొద్దుటి నుండి సాయంత్రం దాకా పత్తి చేనులో వంగి ఏరే కూలికి అది చాలదు. ఆ దీర్ఘశ్రమకు ఆధారం ముఖ్యంగా కొవ్వు. కోవిల్‌పట్టి కడలై మిఠాయిని తీసుకుంటే ఈ లెక్క సులువుగా బోధపడుతుంది. అందులోని బెల్లం గ్రాముకు సుమారు 4 కిలో కేలరీలు ఇస్తుంది, వేరుశనగలోని నూనె గ్రాముకు సుమారు 9. బెల్లపు శక్తి త్వరగా రక్తంలో చేరుతుంది. అవసరానికి మించిన శక్తిని శరీరం కొవ్వు రూపంలో కొవ్వుకణాలలో భద్రపరుస్తుంది. పస్తున్న పూట, లేక సుదీర్ఘంగా పనిచేసే వేళ, ఆ కణాలు కొవ్వును ఆమ్లాలుగా విడగొట్టి రక్తంలోకి వదులుతాయి. కండరం వాటిని ఆమ్లజని సాయంతో దహించి ఏటీపీ తయారుచేసుకుంటుంది. వరుస కరువులు చూసిన ఈ సీమలో పూర్వుల ప్రాణాలు నిలిపింది ఈ కొట్టుగదే.

చాలాకాలం కొవ్వుకణాన్ని శాస్త్రజ్ఞులు ఉత్త గోనెసంచిలాగే చూశారు. 1994లో లెప్టిన్ అనే హార్మోను బయటపడి, ఆకలి తీరిన సంగతిని కొవ్వే మెదడుకు కబురు పెడుతుందని తేలాక ఆ చూపు మారింది. పసిబిడ్డలలో ఎక్కువగా ఉండే గోధుమరంగు కొవ్వు మరీ చిత్రమైనది. అది సరుకును నాణెంగా మార్చకుండా నేరుగా వేడిగా వెలువరించి, చలి నుండి బిడ్డను కాపాడుతుంది. పొట్ట చుట్టూ పేరుకున్న కొవ్వుకూ మధుమేహానికీ గల లంకె ఈనాడు ప్రతి ఊళ్ళోనూ కనిపిస్తున్నదే. ఈ రంగంలో పీహెచ్.డి.కి చేరే నేటి విద్యార్థి కొవ్వుకణాలను పాత్రలో పెంచుతాడు, అవి పీల్చే ఆమ్లజనిని యంత్రంతో కొలుస్తాడు, మిణుగురు పురుగు నుండి లభించిన పదార్థం వెలిగే వెలుగును బట్టి ఏటీపీ ఎంత ఉందో లెక్కిస్తాడు. పనిముట్లు మారాయి. ఖాళీ గొట్టం పక్కన పెట్టి పోల్చుకోవడం మారలేదు.

పట్టా చేతికి వచ్చింది గానీ పదవి రాలేదు. హార్వర్డ్‌లో సుబ్బారావు మరో పది సంవత్సరాలు పనిచేసినా స్థిరమైన ఆచార్య పదవి దక్కలేదు. భాస్వర పరిశోధనల ఘనత అధికభాగం ఫిస్కేకే చెందింది. గురువు పదోన్నతి విషయం తేలవలసి వచ్చినప్పుడు సుబ్బారావు తన పాత్రను తగ్గించి చెప్పుకున్నారని ఆయన జీవితచరిత్రకారులు వ్రాశారు. అదే విభాగంలో ఫిస్కే వద్దనే పరిశోధన చేసి 1933లో పట్టా పొందిన జార్జ్ హిచింగ్స్ 1988లో నోబెల్ బహుమతి అందుకున్నారు. సుబ్బారావు వేరుచేసిన కొన్ని పదార్థాలు వెలుగు చూడకుండా పోయి, ఏళ్ళ తరువాత ఇతరులు వాటిని మళ్ళీ కనుగొనవలసి వచ్చిందనీ, అందుకు గురువు అసూయ కారణమై ఉంటుందనీ ఆయన తరువాతి కాలంలో చెప్పారు. గురువు వైపు మాట వినిపించేవారు లేరు కనుక తీర్పు చెప్పడం తేలిక కాదు. ఒక్కటి మాత్రం కాగితం మీద ఉంది. 1925 నాటి వ్యాసంలోనూ, 1927, 1929 నాటి వ్యాసాలలోనూ రెండు పేర్లూ ఉన్నాయి. ఆ రెండవ పేరు లేకపోతే ఈనాడు ఈ కథ చెప్పుకోవడానికి ఆధారమే ఉండేది కాదు.

ఇంకొక అడ్డంకి చట్టం. 1923లో అమెరికా అత్యున్నత న్యాయస్థానం భారతీయులు ఆ దేశ పౌరులు కావడానికి అర్హులు కారని తీర్పు చెప్పింది. 1924 చట్టం ఆసియావారు వచ్చి స్థిరపడే దారిని మూసివేసింది. భార్యను పిలిపించుకోవడం కష్టం. తాను ఇంటికి వెళ్తే మళ్ళీ ప్రయోగశాలకు తిరిగి రావడం సందేహం. ఇరవై ఏళ్ళకు పైగా ఆ సందిగ్ధంలోనే గడిచాయి. 1946లో చట్టం మారి భారతీయులకు పౌరసత్వపు తలుపు తెరుచుకున్నా, చివరివరకు ఆయన అమెరికా పౌరులు కాలేదు. ఇదంతా చట్టం తప్పే అనడానికీ లేదు. పని ఆయనను పట్టుకున్నంత గట్టిగా ఇల్లు పట్టుకోలేకపోయిందన్న మాటా నిజమే. శేషగిరమ్మ నిరీక్షణకు ఏ పరిశోధన వ్యాసంలోనూ చోటు లేదు.

1940లో సుబ్బారావు న్యూయార్క్ సమీపాన పెర్ల్ రివర్‌లో ఉన్న లెడర్లీ ప్రయోగశాలలకు వెళ్ళారు. అక్కడ పరిశోధన విభాగానికి సారథ్యం వహించారు. తరువాతి ఎనిమిదేళ్ళ పని ఒక్కొక్కటీ ఒక్కొక్క వ్యాసానికి తగినది. ఇక్కడ పేర్కొని సాగడమే వీలవుతుంది.

మొదటిది ఫోలిక్ ఆమ్లం. 1931లో లూసీ విల్స్ అనే ఆంగ్ల వైద్యురాలు బొంబాయిలో గర్భిణీ స్త్రీలకు వచ్చే ఒక విధమైన రక్తహీనత ఈస్టు సారంతో నయమవుతుందని చూపారు. ఆ సారంలోని గుణం ఏదో అప్పటికి తెలియదు. కాలేయం నుండీ సూక్ష్మజీవుల నుండీ దానిని శుద్ధిచేసి, నిర్మాణం తేల్చి, కృత్రిమంగా తయారుచేసిన ఘనత సుబ్బారావు బృందానిది; 1945లో ఆ ఫలితం వెలువడింది. సోదరులను బలిగొన్న స్ప్రూ వ్యాధిలో కనిపించే రక్తహీనతకు కూడా అదే మందయింది. ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో గర్భిణులకు ఇచ్చే ఇనుము మాత్రలో ఇనుముతో జతగా ఉండేది ఈ ఫోలిక్ ఆమ్లమే.

ఫోలిక్ ఆమ్లం కణవృద్ధికి తోడ్పడుతుంది. దానిని పోలి ఉండి దాని పనిని అడ్డగించే పదార్థం ఇస్తే విచ్చలవిడిగా పెరిగే కణాలు ఆగుతాయా అన్నది తరువాతి ప్రశ్న. సుబ్బారావు బృందం అటువంటి పదార్థాలు తయారుచేసి బోస్టన్‌లోని బాలల వైద్యుడు సిడ్నీ ఫార్బర్‌కు అందించింది. రక్త క్యాన్సరు సోకిన 16 మంది పిల్లలకు అమినాప్టెరిన్ ఇవ్వగా 10 మందిలో తాత్కాలికంగానైనా వ్యాధి తగ్గుముఖం పట్టిందని ఫార్బర్ 1948లో ప్రకటించారు. దాని తోబుట్టువైన మెథోట్రెక్సేట్ క్యాన్సరుకే కాక కీళ్ళవాతానికి కూడా నేటికీ వైద్యులు వ్రాసే మందు.

బోదకాలు వ్యాధికి వాడే డైఇథైల్‌కార్బమజైన్, హెట్రజాన్ అన్న పేరుతో 1947లో వెలువడింది. తమిళనాట యానైక్కాల్ అని పిలిచే ఆ జబ్బు నివారణకు ఆరోగ్య సిబ్బంది ఇంటింటికీ తిరిగి, ఎదుటనే మింగించి వెళ్ళిన మాత్రలు ఇవే. మింగినవారిలో అది ఒక తెలుగువాడి ప్రయోగశాల నుండి వచ్చిందని ఎరిగినవారు ఎందరు! డెబ్బై ఏళ్ళు దాటిన బెంజమిన్ డగ్గర్ అనే వృక్షశాస్త్రవేత్తను చేర్చుకొని, మట్టిలోని సూక్ష్మజీవి నుండి ఆరియోమైసిన్ అనే ఔషధాన్ని వెలికితీయించింది కూడా సుబ్బారావు నడిపిన విభాగమే. టెట్రాసైక్లిన్ కుటుంబంలో అది తొలి బిడ్డ. 1948 జులైలో దానిని లోకానికి ప్రకటించారు.

ఆ మరుసటి నెలలోనే, 1948 ఆగస్టులో, సుబ్బారావు నిద్రలో గుండెపోటుతో కన్నుమూశారు. వయసు 53. స్వదేశం స్వతంత్రమై ఏడాది అయింది. ఆ స్వతంత్ర దేశాన్ని ఆయన చూడలేదు. బహుమతులు, బిరుదులు పెద్దగా దక్కలేదు. 1950లలో ఒక శిలీంధ్రానికి ఆయన పేరిట సుబ్బరోమైసిస్ అని నామకరణం చేశారు. శతజయంతి సంవత్సరమైన 1995లో భారత ప్రభుత్వం తపాలా బిళ్ళ విడుదల చేసింది.

మదరాసు వైద్య కళాశాల ఇచ్చిన ఎల్.ఎం.ఎస్. పట్టా మాత్రం ఆఖరి వరకు ఎల్.ఎం.ఎస్.గానే ఉండిపోయింది. రక్తంలో భాస్వరం ఎంత ఉందో చెప్పే పరీక్ష నేటికీ ఎక్కువచోట్ల ఆ మాలిబ్డినం ఆధారంగానే జరుగుతున్నది.